వెంట్రుకవాసి

చెప్పుల ఫ్యాక్టరీలో పంతొమ్మిదేళ్ళు పనిచేసినా ఆమె అసలు పేరు హాజరుపట్టీలో తప్ప మరెక్కడా వినబడలేదు. అందరూ ఆమెను సరేనమ్మ అనే పిలిచేవారు. సెలవు రోజున పనికి రమ్మంటే సరే. పక్క బల్ల మనిషి రాకపోతే ఆ వంతు కూడా కుట్టిపెట్టమంటే సరే. ఎవరో పాడుచేసిన తోలుకు ఆమె చేత సంతకం పెట్టించుకున్నా సరే. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే ముతక సామెత ఒకటుంది కదా, దాన్ని భోజనాల వేళ ఆడవాళ్ళు ఆమె మొహం మీదే అని పకపకా నవ్వేవారు. వాళ్ళతో పాటు ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు కూడా ఒక రకం సరే.

ఆమెకు పదకొండేళ్ళప్పుడు తల్లీ తండ్రీ ఒకే ఏడాది పోయారు. అప్పటికే పెళ్ళయిన అక్క, చెల్లెల్ని తన ఇంటికి తెచ్చుకుంది. బావ అభ్యంతరం చెప్పలేదు సరికదా, మరదలికి చదువు కంటే చేతిపని మీద శ్రద్ధ ఎక్కువని కనిపెట్టి, రోజూ సాయంత్రం పక్కన కూర్చోబెట్టుకుని తోలు కోయడం, అంచు పలచన చేయడం, ఆరెతో చిల్లు పొడిచి రెండు సూదులతో కుట్టడం నేర్పాడు. కుట్టు వంకర పోతే, "ఇది కుట్టా, చీమల బారా?" అని మొత్తం విప్పించేవాడు. ఆయన ఫ్యాక్టరీలో అచ్చుల మాస్టరు. పాదం ఆకారంలో చెక్కిన కొయ్య అచ్చు మీద తోలు బిగించి జోడు తయారుచేస్తారు. అచ్చు తప్పితే పైన ఎంత మంచి తోలు కప్పినా లాభం లేదు. అలాంటి అచ్చులు చెక్కడంలో ఆయనను మించినవాడు లేడని ఫ్యాక్టరీ యజమాని కూడా ఒప్పుకునేవాడు. ఆయన నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది, చేతులు మాత్రం పసిపిల్లకు తల దువ్వుతున్నంత మెత్తగా కదిలేవి.

ఆమె పెళ్ళి మాట ఇంట్లో రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ అవతలివాళ్ళు ఇంకోచోట కుదుర్చుకున్నారు. ముప్పై దాటాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె అడగనూ లేదు. అక్కావాళ్ళ వీధి చివరే ఒక గది అద్దెకు తీసుకుని ఉండసాగింది.

ఒక సోమవారం పొద్దున వెళ్ళేసరికి ఫ్యాక్టరీ గేటుకు తాళం వేసి ఉంది. కాపలావాడు కూడా లేడు. మధ్యాహ్నం దాకా రోడ్డు మీద నిలబడి జనం ఎవరి దారిన వాళ్ళు పోయారు. ఆమెకు అప్పటికి నలభై ఒకటి, బావకు అరవై రెండు.

నెల్లాళ్ళు తిరక్కుండానే బావ ఆమె గదికి వచ్చి మంచం మీద కూర్చుని తన ఆలోచన చెప్పాడు. ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్ళు ఊళ్ళో వందల మంది ఉన్నారు. పుట్టుకతో కొందరు, జబ్బు చేసి కొందరు, ప్రమాదాల్లో కొందరు. వాళ్ళకు పొట్టికాలి వైపు అడుగుభాగం మందం పెంచిన జోడు కావాలి. బజారులో దొరికేవి మోటుగా, ఇటుక కట్టుకున్నట్టు ఉంటాయి. ఆయన ఒకసారి పక్కింటాయనకు సరదాకు ఒక జత చేసిస్తే, ఆ మనిషి ఇరవై ఏళ్ళలో మొదటిసారి నడుం నొప్పి లేకుండా నడిచానని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

"నాకు వయసైపోయింది. కాగితాలు నీ పేరు మీద ఉండాలి. యజమానివి నువ్వు, పనివాణ్ణి నేను," అన్నాడు బావ.

ఆమె సరే అంది.

లైసెన్సు కావాలంటే చిన్న పరిశ్రమలు పెట్టుకునేవాళ్ళ కోసం ఒక కార్యాలయం నడిపే నలభై రోజుల శిక్షణకు వెళ్ళాలన్నారు. అక్కడ పాఠం చెప్పే మాస్టారు ఎంత ఉక్కపోతలోనైనా కోటు విప్పేవాడు కాదు. మొదటిరోజు బోర్డు మీద వ్యాపారికి ఉండాల్సిన గుణాలంటూ పొడుగాటి పట్టీ రాశాడు. చొరవ, ఓర్పు, నోరు తెరిచి అడగడం, కాదనగలగడం, తప్పు ఒప్పుకోవడం, ఇంకా చాలా. ఇందులో ఎవరిలో ఏవి తక్కువో కాగితం మీద రాసివ్వమంటే ఆమె పట్టీ మొత్తం ఎక్కించి ఇచ్చింది. మాస్టారు నవ్వలేదు. అన్నీ ఒకే జబ్బు తాలూకు లక్షణాలన్నాడు. ఆమెను లేపి, అందరి ముందూ "కుదరదు" అనే మాట పదిసార్లు అనమన్నాడు. మొదటి మూడుసార్లూ పెదవులు కదిలాయే గాని మాట రాలేదు. ఎనిమిదోసారికి వెనక బెంచీ దాకా వినబడింది. చెమటతో జాకెట్టు తడిసిపోయి కూర్చుంది.

ఆ రోజునుంచి గదిలో ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాటను సాధన చేసింది. కిటికీ ఊచలకు చెప్పింది, గోడకు చెప్పింది, బోర్లించిన గిన్నెలకు చెప్పింది. గొంతు పెంచకుండా, కారణాలు చెప్పకుండా, బతిమాలకుండా అనాలి. అదీ కోటు మాస్టారు నేర్పిన పద్ధతి.

పాత ప్రెస్సు ఒకటి మూతపడితే ఆ హాలు అద్దెకు తీసుకున్నారు. గోడలకు సిరా వాసన, కిటికీలు పైనెక్కడో ఉండి పగలు కూడా మసక. అందులో బావ బల్ల ఒకవైపు, ఆమె బల్ల ఒకవైపు. పని కావాలంటే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆమె ఆయన గది బయట బెంచీ మీద మూడు వారాల్లో ఐదుసార్లు కూర్చుని, నాలుగుసార్లు లోపలికి పోకుండానే వెనక్కి వచ్చింది. ఐదోసారి డాక్టరే బయటికి వస్తూ ఏం కావాలని అడిగాడు. చెప్పింది. నమూనా జోడు అక్కడ పెట్టి వెళ్ళమన్నాడు, చూసి చెబుతానన్నాడు.

"కుదరదండి. మనిషి నిలబడితేనే కొలత వస్తుంది. మీ పేషెంటు ఒకరిని మా దగ్గరికి పంపండి," అంది.

డాక్టరు అప్పుడు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. ఆ వారమే ఒక మనిషిని పంపాడు.

అలా మొదలైంది. కొలతలు తీసే పని బావది. మనిషిని గోడ పక్కన నిలబెట్టి, పొట్టికాలి కింద సన్నని చెక్కపలకలు ఒక్కొక్కటే దూర్చుతూ, రెండు బొటనవేళ్ళూ తుంటి ఎముకల మీద ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు. రెండు వేళ్ళూ సమానమైన క్షణాన "ఆఁ" అనేవాడు. ఆ పలకల మందమే జోడుకు పెంచాల్సిన ఎత్తు. తర్వాత బెండు పలకలను పొరలు పొరలుగా జిగురుతో అంటించి, ఆకారానికి చెక్కి, పైన తోలు తొడిగేవాడు. పై కుట్టంతా ఆమెది. ఏడాది తిరిగేసరికి నెలకు పది పన్నెండు జతలు వెళ్తున్నాయి. తోలు అమ్మేవాడు మచ్చలున్న ముక్క అంటగడితే తిప్పి పంపింది. హాలు యజమాని అందులో సగం తన సామాను పెట్టుకుంటానంటే కుదరదంది. అక్క ఆశ్చర్యపోయి, "నీకు నోరెప్పుడొచ్చిందే?" అని నవ్వింది. అందరికీ కాదనగలిగింది, ఒక్క బావకు తప్ప.

రెండో ఏడు వానలు మొదలయ్యాక బావ వెలుతురు చాలడం లేదనడం మొదలుపెట్టాడు. ఆమె ఒక బల్బు తెచ్చి పెట్టింది. మళ్ళీ అంటే ఇంకోటి పెట్టింది. మూడో బల్బు వెలిగించాక ఆయన బల్ల దగ్గర కూర్చుంటే కళ్ళు చెదిరేంత కాంతి, అయినా చాలడం లేదన్నాడు. మనిషి ఎదురుగా ఉంటే మొహం కొంచెం పక్కకు తిప్పి చూసేవాడు. సూది గుచ్చుకునేది, కత్తి జారేది. ఒకసారి ఆమె నిలబడి ఉన్నదని తెలియక, ఆయన ఎదురుగా గాలిలో తడుముతూ జిగురు డబ్బా కోసం వెతకడం చూసింది. చూపుకు నట్టనడుమ ఒక మచ్చలా మసక కమ్ముతోందనీ, చుట్టుపక్కల మాత్రమే కనబడుతోందనీ ఆమెకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఏదో ఉందని తెలిసి కూడా అడగలేదు. ఆయన వెళ్ళిపోయాక ఆయన చేసిన అడుగులను తిప్పి చూసి, అంచులు దాటిన చోట చెక్కి, జిగురు చాలని చోట మళ్ళీ పూసి, మర్నాడు ఏమీ ఎరగనట్టు ఉండేది. చిన్నప్పుడు తన చీమల బారును విప్పించిన మనిషికి, నీ పని బాగాలేదని ఎలా చెప్పడం?

గడియారాలు బాగుచేసే ఆవిడ వచ్చింది ఆ రోజుల్లోనే. యాభై దాటిన మనిషి. చిన్నప్పుడు జబ్బు చేసి ఎడమకాలు ఎదగలేదు. బస్టాండు దగ్గర మెట్లెక్కి పోతే మేడ మీద ఆమె దుకాణం. తండ్రి పోయాక తనే నడుపుకుంటోంది. ఎవరూ పట్టించుకోని పాత గడియారాలను కూడా తిరిగేలా చేస్తుందని పేరు. జోడు కావాలనుకున్న రోజుకే కావాలని, తన దగ్గర ఆలస్యానికి చోటు లేదని ముందే చెప్పింది.

ఇవ్వాల్సిన రోజు పొద్దున్న బావ ఆ జోడును గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆయనకే నచ్చిన పని. "చూడవే, ఇదీ జోడంటే," అన్నాడు. ఆమె చేతిలోకి తీసుకుని తిప్పింది. మడమ పక్కన, రెండు పొరలు కలిసేచోట, వెంట్రుకవాసి సందు. గోటితో తడిమితే తెలుస్తోంది. విప్పి మళ్ళీ అంటించాలంటే రెండు రోజులు. బయట బల్ల మీద గడియారాలావిడ అప్పటికే వచ్చి కూర్చుంది. బావ మొహం పక్కకు తిప్పి, మెచ్చుకోలు కోసం ఎదురుచూస్తున్నాడు. అది పాలిష్ గీత అయివుంటుందని ఆమె తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటున్నప్పుడే కాదని తెలుసు.

"బాగుంది బావా," అంది. జోడు తీసుకెళ్ళి ఇచ్చింది.

తొమ్మిదో రోజు ఎముకల డాక్టరు దగ్గరినుంచి కబురొచ్చింది. దుకాణం మెట్లు దిగుతుంటే పొరలు విడిపోయి మడమ ఒక పక్కకు ఊడి, ఆవిడ పదకొండు మెట్లు దొర్లింది. కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది.

బావకు ఏదో వంక చెప్పి ఆమె ఆస్పత్రికి వెళ్ళింది. దారంతా మాటలు కూర్చుకుంది. కొత్త సరుకు జిగురు మోసం చేసిందనవచ్చు, వానలకు బెండు ఉబ్బిందనవచ్చు. కోటు మాస్టారు చెప్పిన పట్టీలో తప్పు ఒప్పుకోవడం కూడా ఉంది గాని, దాన్ని పదిసార్లు పలికించి ఎవరూ నేర్పలేదు. వార్డులో ఎనిమిది మంచాలు. గడియారాలావిడ కిటికీ పక్కన, మోచేతి దాకా కట్టుతో, దిండుకు ఆనుకుని కూర్చుంది. మొహం ఉబ్బి ఉంది. ఆమెను చూసి గుర్తుపట్టి, కూర్చోమనలేదు.

"ఒక్కటే అడుగుతాను. ఇచ్చేముందు నువ్వు చూశావా?" అంది.

"చూశానండి."

"సందు కనబడిందా?"

"కనబడింది."

"మరి?"

"చేసినాయన మా బావ. చెప్పలేకపోయాను."

పక్క మంచం మీది మనిషి మూలుగుతోంది. తిట్లు వస్తాయని ఆమె ఎదురుచూసింది, రాలేదు. తిట్టి ఉంటే బాగుండునని తర్వాత చాలాసార్లు అనుకుంది.

"నాకు నీ ఏడుపు అక్కర్లేదు. ఆ చేత్తో చేసినవి ఇంకా ఎన్ని బయట తిరుగుతున్నాయో, ముందు వెళ్ళి అవి తీసుకురా," అని మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

వానలు మొదలైనప్పటినుంచి వెళ్ళిన జోళ్ళు ముప్పై ఒకటి. ఆమె రిజిస్టరు చూసి చిరునామాలు రాసుకుని, ఆ సాయంత్రమే బయల్దేరింది. ఐదు రోజులు ఇల్లిల్లూ తిరిగింది. ప్రతి గుమ్మం ముందూ అదే మాట చెప్పింది. మా చేతి పనిలో లోపం జరిగింది, ఒకావిడ పడి చెయ్యి విరిగింది, మీ జోడు విప్పి చూసి మళ్ళీ ఇస్తాను. మొదటి ఇంట్లో నాలుక తడబడింది. పదో ఇంటికి వచ్చేసరికి మాట దానంతటదే వచ్చింది. కొందరు భయపడ్డారు, కొందరు అరిచారు. ఒకామె తన కూతురి జోడును గుమ్మంలోంచి బురదలోకి విసిరేసి తలుపేసుకుంది. ఒక ఉత్తరాల బంట్రోతు మాత్రం ససేమిరా ఇవ్వనన్నాడు. ఈ జోడు వేసుకున్నాకే తను నడకను నడకలా నడుస్తున్నానని, పడితే పడతానని, ఇది లేకుండా మాత్రం ఒక్కరోజు ఉండనని అన్నాడు. ఆమె ఆయన కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుని, కుదరదండీ అని, తనే తాళ్ళు విప్పి జోడు ఊడదీసుకుంది. పెద్దమనిషి వట్టి మేజోళ్ళతో గుమ్మంలో నిలబడి ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాడు.

ఆ ఐదు రోజులూ బావకు జ్వరం. అక్క ఇంట్లోనే ఉంచేసింది. అదీ ఒకందుకు మంచిదే అనుకుంది ఆమె. ఒక్కతే కూర్చుని ముప్పై ఒక్క జతలూ కోసి చూసింది. ఇరవై రెండు నిక్షేపంగా ఉన్నాయి. తొమ్మిదింటిలో పొరలు విడిపోతున్నాయి. అవన్నీ చివరి రెండు నెలల్లో చేసినవే.

ఆరోరోజు పొద్దున్న బావ కర్ర పట్టుకుని వచ్చాడు. జ్వరానికి చెంపలు లోపలికి పోయాయి. తన బల్ల దగ్గర కూర్చుని మూడు బల్బులూ వేయమన్నాడు. ఆమె వేసి, కోసిన అడుగు ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. అలా చేయాలని ముందుగా అనుకోలేదు. ఆయన దాన్ని చూడలేదు, బొటనవేలితో అంచు వెంట తడిమాడు. సందు దగ్గర వేలు ఆగింది. మొహం చిట్లించాడు.

"ఏ వెధవ చేశాడే ఇది?" అన్నాడు.

"నువ్వే బావా."

వేలు మళ్ళీ మొదటినుంచి తడిమింది, ఈసారి నిదానంగా. తర్వాత ఆయన దాన్ని బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆమె అంతా చెప్పింది. గడియారాలావిడ పడ్డ సంగతి, చెయ్యి విరిగిన సంగతి, తను ఇల్లిల్లూ తిరిగిన సంగతి, తొమ్మిది జతల సంగతి. ఆయన మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక, ఇది నీకు ఎప్పటినుంచి తెలుసని అడిగాడు. మూడు నెలలనుంచి అంది.

"నేర్పినవాడికి చెప్పలేకపోయావు, ఊరందరికీ చెప్పొచ్చావు," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు. "నాకు చెప్పి ఉంటే నేనే ఆపేసేవాణ్ణి కదే."

నిజంగా ఆపేసేవాడో లేదో ఆమెకు ఈనాటికీ తెలియదు. ఆపేసేవాడేమోనన్న అనుమానం చాలు ఆమెను తినేయడానికి. అప్పుడు మాత్రం ఐదు రోజులుగా ముప్పై ఒక్క గుమ్మాల ముందు నిలబడి గట్టిపడిన గొంతుతో, ఇక నువ్వు పని ముట్టుకోవద్దు బావా అంది. ఆయన తలూపాడు. చిన్నపిల్లవాడు అడిగినట్టు, "పోనీ కొలతలైనా తీస్తాను," అన్నాడు.

"కుదరదు," అంది ఆమె.

గొంతు పెంచలేదు, కారణం చెప్పలేదు, బతిమాలలేదు. నేర్చుకున్న పాఠం అచ్చంగా వచ్చింది. బావ లేచి, తన ఆరెలూ కత్తులూ తోలు సంచిలో ఒక్కొక్కటే తడిమి సర్దుకుని, గోడ పట్టుకుంటూ వెళ్ళిపోయాడు. వాన పడుతోంది. గొడుగు ఇవ్వాలని కూడా ఆమెకు తోచలేదు.

మూడు వారాల తర్వాత కొత్తగా వచ్చిన ఒకతన్ని గోడ పక్కన నిలబెట్టి, కాలి కింద పలకలు దూర్చుతూ, ఎత్తు ఎంతకీ కుదరక తికమక పడుతున్నప్పుడు ఆమెకు ఆ సంగతి తట్టింది. బావ కొలతలు కళ్ళు మూసుకునే తీసేవాడు. ఆ పనికి చూపుతో అవసరమే లేదు. పలకలు అలాగే వదిలేసి, ఆ మనిషిని కూర్చోమని చెప్పి, అక్క ఇంటికి పరుగున వెళ్ళింది. అక్క తలుపు తీసి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆయన పడుకున్నారు అంది. లేపమంటే లేపనంది. ముప్పై ఏళ్ళు తిండి పెట్టిన చేత్తో చెబుతున్నాను, ఆ కొట్టు మాట ఇక ఈ ఇంట్లో ఎత్తకు అంది. లోపల ఆయన దగ్గడం వినిపిస్తూనే ఉంది. ఆయనేం పడుకుని లేడు.

పని మాత్రం ఆగలేదు, పెరిగింది. లోపం ఉందని తనంతట తనే వచ్చి జోడు వెనక్కి తీసుకుపోయే మనిషిని తన సర్వీసులో చూడలేదని ఎముకల డాక్టరు పది మందికి చెప్పాడట. వేరే ఆస్పత్రుల నుంచి కూడా రావడం మొదలుపెట్టారు. సరిచేసిన జోడు తిరిగి అందుకున్న బంట్రోతు తన తోటివాళ్ళను ముగ్గురిని వెంటబెట్టుకొచ్చాడు. ఆమె నలుగురు పనివాళ్ళను పెట్టుకుంది, తర్వాత ఏడుగురు అయ్యారు. కొలతలకు ఒక యంత్రం కొంది. అది బాగానే పనిచేస్తుంది. ప్రతి జోడు అడుగునూ పొట్లం కట్టేముందు తనే చూస్తుంది. బాగా లేదంటే లేదు. కళ్ళనీళ్ళు పెట్టుకున్నా, బతిమాలినా, విప్పాల్సిందే.

గడియారాలావిడ ఏడాదిన్నర తర్వాత వచ్చింది. మణికట్టు అతికింది గాని పూర్తిగా వంగదు, వేళ్ళకు పట్టు రాలేదు. సన్నపని మానేసిందట. ఇప్పుడు మేడ మీద దుకాణం తీసేసి, కింద చిన్న అరలో గడియారాల బెల్టులూ బ్యాటరీలూ అమ్ముతోంది. జోడు కావాలంది. "నమ్మకం ఉండి రాలేదు, ఇంకెవరూ చేయడం లేదని వచ్చాను," అంది. జోడు తీసుకెళ్ళే రోజు, వెలుతురు పడే చోట కుర్చీ వేయించుకుని, సంచిలోంచి గడియారాల పనికి కంటికి పెట్టుకునే భూతద్దం బుడ్డి తీసి పెట్టుకుని, రెండు అడుగుల అంచులూ అంగుళం అంగుళం చూసింది. కుడిచెయ్యి సరిగా తిరగక ఎడంచేత్తో తిప్పుతోంది. పనివాళ్ళంతా చేతులు ఆపి చూస్తున్నారు. పూర్తయ్యాక బుడ్డి తీసి సంచిలో వేసుకుని, డబ్బు బల్ల మీద పెట్టి, ఆమె వద్దంటున్నా వినకుండా వెళ్ళిపోయింది.

అదే ఏడు కోటు మాస్టారు కబురుపెట్టాడు. కొత్త జట్టుకు ఆమె నాలుగు మాటలు చెప్పాలట. బోర్డు మీద అదే పట్టీ. ఇందులో మీకు బాగా అక్కరకొచ్చిన గుణమేమిటని వెనక బెంచీ పిల్ల ఒకతె అడిగింది. ఆమె పట్టీ మొత్తం పైనుంచి కిందికి చదివింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడం వచ్చుంటే చాలు, మిగతావి నెమ్మదిగా వస్తాయంది. ఎవరికి ముందు చెప్పాలో కూడా తెలిసి ఉండాలి అని చివర్న అంది. ఆ రెండో మాట ఎవరికీ అర్థమైనట్టు లేదు. మాస్టారు చప్పట్లు కొట్టించాడు.

అక్క కోపం కొంత తగ్గింది. ఇప్పుడు ఆదివారాలు వెళ్తే తలుపు తీస్తుంది, టీ ఇస్తుంది. బావ కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంటాడు. చూపు ఇంకా తగ్గింది. వాన గురించి, కరెంటు గురించి, వీధిలో ఎవరు ఇల్లు మారారో దాని గురించి మాట్లాడతాడు. నవ్వుతాడు కూడా. జోళ్ళ గురించి ఒక్క మాట అడగడు. ఆమె చెప్పబోతే, రేడియో గొంతు పెంచుతాడు.

మొన్న వెళ్ళినప్పుడు ఆమె ఆయన కాళ్ళు చూసింది. వేళ్ళు వాచి ఉన్నాయి, మడమలు పగిలాయి. వయసుకు పాదం వెడల్పవుతుంది, ఆ సంగతి తనకు ఆయనే నేర్పాడు. కుర్చీ ముందు నేల మీద కూర్చుని, సంచిలోంచి కొలత టేపు తీసి, మెత్తటి తోలు ఒకటి వచ్చింది బావా, ఒక్క నిమిషం కాలు ఇలా పెట్టు, కొలత తీసుకుంటాను అంది. ఎన్నాళ్ళుగానో అనాలనుకున్న మాట.

బావ కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"ఎందుకే, శ్రమ. బజారులో కొనుక్కున్నాను," అన్నాడు నెమ్మదిగా.

గుమ్మం పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ చెప్పులు ఉన్నాయి, ఒక సైజు చిన్నవి. ఆమె టేపును వేలికి చుట్టుకుంటూ కాసేపు అక్కడే కూర్చుంది. అక్క వచ్చి ఖాళీ టీ గ్లాసులు తీసుకుపోయింది. రేడియోలో వాతావరణం చెబుతున్నారు. బావ తల పక్కకు వంచి శ్రద్ధగా వింటున్నాడు.